ఊపిరున్న సంతకం

పోయాడని వీధంతా అనుకుంటున్న మనిషి, పొద్దున్న తొమ్మిదిన్నరకి ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో కాఫీ తాగుతున్నాడు.

లాండ్రీ ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. చంకలో చుట్టచుట్టిన బ్యానరు గుడ్డ, ముఖం మీద ఇంటిదగ్గరే ఇస్త్రీ చేసి తెచ్చుకున్న దుఃఖం. కుర్చీలో మనిషిని చూడగానే ఆ దుఃఖం కాస్తా నలిగిపోయింది.

"నువ్వు కాఫీ తాగుతున్నావా?" అన్నాడు.

"చక్కెర తక్కువైంది. అంతకు మించి ఇబ్బందేం లేదు," అన్నాడు ఫ్లెక్సీ.

బ్యానర్లు ముద్రించే దుకాణం పెట్టినప్పటి నుంచి వీధిలో అతని పేరు అదే. అసలు పేరు అప్పు కాగితాల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

లాండ్రీ ఆయన వెనక ఇంకో నలుగురు చేరారు. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఏడవడానికి సిద్ధపడి వచ్చినవాళ్ళకి ఏడుపు ఆగిపోతే ఎక్కిళ్ళు కూడా తోడుండవు.

"మరి సంతాపం అన్నారు కదా," అన్నాడు లాండ్రీ ఆయన.

"ఎవరన్నారు?"

అయిదుగురి చూపులూ వంటింటి గుమ్మం వైపు తిరిగాయి. అక్కడ ఫ్లెక్సీ మేనత్త నిలబడి ఉంది. ఆవిడ కుడిచెవి ఇంకా ఉద్యోగంలో ఉంది, ఎడమచెవి ఎప్పుడో రిటైరైంది. ఫోన్ మాత్రం ఎప్పుడూ ఎడమచెవికే పెట్టుకుంటుంది.

"నిన్న సాయంత్రం బీమా కంపెనీ నుంచి ఫోనొచ్చింది రా. ఎవరో ఆడపిల్ల. సంతాపం విషయమై రేపు పదింటికి వస్తాను, అందరూ ఇంట్లో ఉండండి అంది. నీ చెయ్యి నలిగినందుకు విచారం చెప్పడానికి వస్తున్నారు కాబోలు, ఎంత మర్యాదస్తులో అనుకున్నాను. ఆ మాటే ఈయనతో అన్నాను."

"చెయ్యి అన్న మాట నాకు చెప్పలేదమ్మా," అన్నాడు లాండ్రీ ఆయన. "వట్టి సంతాపం అన్నారు. ఎవరికని అడగడం బాగుండదని నేనూ ఊరుకున్నాను."

అంతే. మిగతాది వీధి పూర్తి చేసుకుంది.

ఫ్లెక్సీ నవ్వబోయాడు. భార్య ముఖం చూసి ఆపుకున్నాడు. ఆమె గోడనున్న క్యాలెండరు వైపు చూస్తోంది. ఒకటో తారీకు. ఐదో తారీకున మెషీను వాయిదా. ఇప్పటికి రెండు వాయిదాలు తప్పాయి. మూడోదీ తప్పితే మెషీను పట్టుకుపోతామని బ్యాంకు ఉత్తరం రాసింది.

"పెద్దమ్మగారూ," అందామె మెల్లగా, "విచారం చెప్పడానికి ఏ కంపెనీ పదింటికి రాదండీ. విచారణకి వస్తుంది."

మెషీను కోసం అప్పు తీసుకున్నరోజు బ్యాంకువాళ్ళు అదనంగా ఒక కాగితం జతచేశారు. అప్పుకి బీమా. దెబ్బతగిలి పనిచెయ్యలేని స్థితి వస్తే, ఆ నెలల వాయిదాలు బీమా కంపెనీ కడుతుంది. రుణానికి దారుణం తోడైనప్పుడు అక్కరకొచ్చే కాగితం. అప్పుడు ఫ్లెక్సీ దాన్ని చదవకుండానే సంతకం పెట్టాడు. రోట్లో తలపెట్టాక రోకటిపోటుకి వెరవకూడదని సామెత చెబుతుంది గానీ, రోలర్లో చెయ్యి పెట్టినవాడు ఏం చెయ్యాలో చెప్పదు. మూణ్ణెల్ల కిందట అతని కుడిచెయ్యి అదే మెషీను రోలర్లో పడింది.

వసారాలో, గదికి వీపుపెట్టి, బోర్డుల మేస్త్రీ కుంచెలు కడుగుతున్నాడు. ఫ్లెక్సీ తండ్రి. ఈ వీధిలో మెషీను రాకముందు వెలిసిన ప్రతి బోర్డూ ఆయన చేత్తో రాసిందే. మెషీను ఇంటికొచ్చిన రోజున కొడుకు, "ఇక నీ కుంచె కాలం అయిపోయింది నాన్నా," అన్నాడు. సరదాకే అన్నాడు. ఆ మాటతో మాటలు ఆగిపోయాయి. రెండేళ్ళు. మధ్యలో తపాలా పని కోడలిది.

"ఆయన్ని కాసేపు లోపలికి వెళ్ళమను," అన్నాడు ఫ్లెక్సీ. "వచ్చే మనిషి ముందు మన సంగతులెందుకు."

"మామయ్యగారూ, కాసేపు..."

"నేను ఈ ఇంట్లో ఉన్నట్టు తెలిస్తే వాడి వడ్డీ పెరుగుతుందేమో కనుక్కోమ్మా."

"ఏమండీ, వడ్డీ..."

"విన్నాను."

"విన్నారట మామయ్యగారూ."

"వినబడింది."

మేనత్త నిట్టూర్చింది. "నాకు ఒక్కచెవే నయం," అంది.

*

సరిగ్గా పదింటికి బీమా మేడమ్ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. చంకన ఫైలు, మెడలో తాడుకి వేలాడుతూ చిన్న భూతద్దం. గోడవారగా వరసలో నిలబడిన అయిదు దిగులు ముఖాల్ని చూసి ఆగింది.

"ఏమైంది? ఎవరైనా..."

"ఇంకా తేలలేదండీ," అన్నాడు లాండ్రీ ఆయన. "మీరే చెప్పాలి."

ఆమెకేమీ అర్థం కాలేదు. కూర్చుని ఫైలు తెరిచింది. ముందు ఫ్లెక్సీ కుడిచెయ్యి చూపించమంది. కట్టు, కట్టులోంచి బయటికొచ్చిన స్టీలు తీగలు, ఉబ్బిన మూడు వేళ్ళు. చూస్తున్నంతసేపూ ఆమె ముఖంలో అధికారం లేదు. చూడటం అయ్యాక వచ్చింది.

"ఈ ఫారం మీరు పంపిందేనా?"

"మేం పంపిందే," అంది కోడలు.

"ఈ సంతకం ఎవరిది?"

"ఆయనదే." అనేశాక ఆమె మొగుడి వైపు చూసింది.

ఫ్లెక్సీ ఖాళీ కప్పులోకి చూస్తున్నాడు.

ఆ ఫారానికి ఒక కథ ఉంది. మొదటి ఫారం మీద అతను ఎడమచేత్తో సంతకం పెట్టాడు. సిరాలో పడిన చీమ ప్రాణాలు దక్కించుకుని పాకినట్టుంది అది. అప్పు కాగితం మీది నమూనాతో కలవలేదని బ్యాంకు తిప్పికొట్టింది. చెయ్యి విరిగిందయ్యా అని మొరపెట్టుకుంటే, విరగని చేతి సంతకం తెమ్మంది. ఇంకో ఖాళీ ఫారం తెచ్చి బల్ల మీద పెట్టి పడుకున్నారు. తెల్లారేసరికి దాని మీద సంతకం ఉంది. పళ్ళు బిగించుకుని ఆయనే పెట్టాడనుకుంది కోడలు. అతను ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఏమీ అనకుండా కవరులో పెట్టాడు. ఆమె కూడా అడగలేదు. కొన్ని ఇళ్ళలో అడగకపోవడం కూడా ఒక కాపురమే.

"డాక్టరు కాగితం ప్రకారం ఆ వారం ఈ వేళ్ళు చెంచా కూడా పట్టుకోలేవు," అంది మేడమ్. "ఈ సంతకం చూడండి. ఎక్కడా ఆగలేదు, వణకలేదు."

భూతద్దం కింద కాగితం పెట్టి కోడలి వైపు జరిపింది.

"పదకొండేళ్ళుగా నా పని దొంగ సంతకాలు పట్టుకోవడమే. దొంగ సంతకానికి ఊపిరి బిగపట్టినట్టుంటుంది. గీత గీతకీ భయం కనిపిస్తుంది. దీనికి ఊపిరాడుతోంది. ఇది దొంగదే. కానీ బతికే ఉంది. ఇలాంటిది నేనింతవరకూ చూడలేదు."

"మీరు పెట్టలేదా?" అంది కోడలు మొగుడితో.

అతను తల అడ్డంగా ఊపాడు.

"నేనూ పెట్టలేదు," అందామె.

"నావైపు చూడకండి. నాకు వేలిముద్రే," అంది మేనత్త.

వసారాలో డబ్బా అంచుకి కుంచె తగిలే చప్పుడు అంతవరకూ వినిపిస్తూనే ఉంది. అది ఆగింది.

"నేను పెట్టానమ్మా," అన్నాడు మేస్త్రీ.

*

మేడమ్ నమ్మలేదు. కాగితం, పెన్ను ముందుకు జరిపింది. "ఇప్పుడు పెట్టండి చూద్దాం."

"ఇంత చిన్నదాంట్లో ఎలా పెట్టానో మీకు కనపడదు. పెద్దదేదైనా ఉందా?"

ఆయన చూపు లాండ్రీ ఆయన చంకలోని బ్యానరు చుట్ట మీద పడింది. లాండ్రీ ఆయన ఇవ్వనా వద్దా అని తటపటాయించి, చివరికి బొమ్మవైపు నేలకి వేసి తనే పరిచాడు. తెల్లటి వెనకవైపు గదంతా పరుచుకుంది. అందరూ గోడలకి అతుక్కున్నారు.

మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సన్నకుంచె నల్లరంగులో ముంచాడు. డబ్బా అంచుకి ఒకసారి ఆనించాడు. తర్వాత చెయ్యి కదిలింది.

చెయ్యి కాదు, భుజం కదిలింది. భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి మణికట్టుకి ఏదో దిగి వచ్చినట్టు, ఎక్కడా తెగకుండా ఒక నల్లటి గీత గుడ్డ మీద నడిచింది.

"ఇది నాది," అన్నాడు మేస్త్రీ.

"మీ సంతకమా?"

"నా సంతకమే. వీడు ఎనిమిదో క్లాసులో ప్రోగ్రెస్ కార్డు మీద పెట్టుకున్నాడు. లెక్కల్లో పదకొండు మార్కులొచ్చాయి. సంతకం నాకంటే వీడే బాగా పెట్టాడు. అందుకని కొట్టలేదు."

ఎవరో నవ్వారు. ఫ్లెక్సీ చెవులు ఎర్రబడ్డాయి.

కింద ఇంకో గీత నడిచింది. "ఇది వాడు సొంతంగా నేర్చుకున్న మొదటిది. చివర తోక చూశారా, పెద్దవాణ్ణయ్యానని పైకి లేపేవాడు." ఇంకొకటి. "ఇది పెళ్ళి రిజిస్టర్లో పెట్టింది. మొదటక్షరం పక్కకి ఒరిగింది, పక్కన అమ్మాయిని చూస్తున్నాడు మరి." కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగోదానికి మేస్త్రీ కుంచెని, పిడితో గీరినంత గట్టిగా అదిమి గీశాడు. గుడ్డ కిర్రుమంది.

"ఇది అప్పు కాగితం మీద పెట్టింది. ఆవాళ ఇంట్లో నాతో పోట్లాడి వెళ్ళాడు. కోపంగా పెట్టాడు. మధ్యగీత దగ్గర పెన్ను కాగితాన్ని చీరేసింది. ఇంటికి తెచ్చిన నకలు మీద కూడా ఆ గాటు కనిపిస్తుంది."

మేడమ్ కుర్చీ దిగి నేలమీద కూర్చుంది.

అయిదో సంతకం నెమ్మదిగా వచ్చింది. అదే మొదటక్షరం, అదే తోక. గాటు లేదు.

"ఇది మీ దగ్గరున్నది. ఆ నాలుగోదే. కోపం తీసేశాను."

మేడమ్ ఫైల్లోంచి బ్యాంకు నమూనా తీసింది. భూతద్దం పెట్టింది. ఫారం తీసింది. భూతద్దం పెట్టింది. మళ్ళీ నమూనా.

"మూడు రోజులుగా దీన్ని చూస్తున్నాను," అంది చివరికి. గొంతు బాగా తగ్గింది. "ఇక్కడ గాటుంది, అక్కడ లేదు. రెండూ ఒకే మనిషివి. ఒక్కటే తేడా. ఆ తేడా పేరేమిటో నాకు దొరకలేదు."

లాండ్రీ ఆయన, తెలియకుండానే, చెప్పులు విడిచి బయట పెట్టి వచ్చాడు.

ఫ్లెక్సీ మాత్రం ఆ అయిదు గీతల్నీ వరసగా చూస్తున్నాడు. తన వయసంతా నేలమీద పరిచి ఉంది. దాన్ని ఒక మనిషి ఇన్నేళ్ళూ, మాట్లాడని రెండేళ్ళతో సహా, చూస్తూనే ఉన్నాడు.

*

"ఇంత చెయ్యనక్కర్లేదు పెద్దాయనా," అంది మేడమ్ లేచి. "నాలుగో పేజీలో రాసే ఉంది. సంతకం పెట్టలేనివాళ్ళు ఎడమ బొటనవేలి ముద్ర వెయ్యచ్చు, ఇద్దరు సాక్షులు చాలు. ఫారం చదవలేదా మీరు?"

"పేజీలన్నీ చూశానమ్మా. ఎంత మంచి అచ్చో. సన్నటి ఒళ్ళు, గుండ్రటి తలకట్టు. ఎవరు గీశారో ఆ అక్షరాల్ని."

"చూశారు సరే, చదివారా?"

"అందమైన మనిషి ఎదురొస్తే చూస్తాం గానీ, ఏమంటున్నాడో ఎవరు వింటారు?"

"నేను వింటాను, సగం," అంది మేనత్త. తర్వాత ముందుకొచ్చింది. "ఇంతకీ డబ్బు ఎలా ఇస్తారమ్మా? సంచి తెచ్చారా?"

"మీ చేతికి రాదండీ. కంపెనీ నుంచి నేరుగా బ్యాంకుకే వెళ్తుంది. ప్రతినెలా డాక్టరు ఒక కాగితం ఇవ్వాలి, చెయ్యి ఇంకా పనికి రాలేదని. చెయ్యి బాగయ్యేదాకా, లేదా ఏడాది దాకా, వాయిదా మేమే కడతాం."

"ఎవరి సొమ్మమ్మా అది?"

మేడమ్ ఆవిడ వైపు తిరిగింది. ఈ ప్రశ్న ఎవరూ అడగరు కాబోలు.

"అప్పు తీసుకున్న అందరిదీ. అందరూ కాస్తకాస్త కడతారు. చేతులు బాగున్నవాళ్ళు, బాగాలేనివాళ్ళకి."

"వాళ్ళెవరో మాకు తెలుసా?"

"మీకు తెలియదు. మీరెవరో వాళ్ళకీ తెలియదు."

"ముక్కూ ముఖం తెలియనివాళ్ళా మా పిల్లాడి వాయిదా కట్టేది," అంది మేనత్త. అని, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు గుమ్మం మీదే కూర్చుండిపోయింది.

మేస్త్రీ కుంచె కింద పెట్టాడు. ఆయన ఆ మెషీను ముఖం రెండేళ్ళుగా చూడలేదు. ఎక్కడెక్కడి మనుషులో దానికోసం చందా వేసుకుంటున్నారు.

"రంగు ఆరాలి, ఎవరైనా తొక్కుతారు," అని మేనత్త మళ్ళీ లేచింది. లాండ్రీ ఆయన వద్దు వద్దంటున్నా వినకుండా, అదీ ఎడమచెవివైపే అనడం వల్ల, బ్యానరు గుడ్డని వసారా తాడు మీద ఆరేసింది. సంతకాలు ఇంట్లోకి, రెండోవైపు వీధిలోకి.

మేడమ్ కొత్త ఫారం తీసింది. పెన్ను తీసింది.

"ఇప్పుడు జాగ్రత్తగా వినండి. నేను చూసింది చూసినట్టే రాస్తాను. అబద్ధం రాయను. కొడుక్కి తెలియకుండా తండ్రి పెట్టాడంటే, తప్పు తండ్రిది. పాత ఫారం కొట్టేసి, దీని మీద వేలిముద్ర తీసుకుంటాను. క్లెయిము బతుకుతుంది. తండ్రి మీద చర్య తీసుకోవాలా వద్దా అనేది మా పైవాళ్ళు చూసుకుంటారు."

"తెలిసే జరిగితే?" అంది కోడలు.

"అప్పుడు మోసం క్లెయిము అడిగినవాడిదే. ఫైలు మూసెయ్యడమే. మెషీను సంగతి మీరూ బ్యాంకూ చూసుకోవాలి."

"వాడికి తెలియదు," అన్నాడు మేస్త్రీ వెంటనే. "నేను ఎవరికీ చెప్పలేదు. రాయండి."

ఆమె రాసింది. మేస్త్రీ ముందు పెట్టింది. "మీ సంతకం పెట్టండి. మీది."

ఆయన పెన్ను తీసుకున్నాడు. ఊరి దుకాణాల పేర్లన్నీ రాసిన చెయ్యి, కొడుకు వయసుని అయిదు గీతల్లో దించిన చెయ్యి, తన పేరు దగ్గరికొచ్చేసరికి వణికింది. కాగితం బల్ల మీద జారింది. పట్టుకోబోతే మళ్ళీ జారింది.

ఎక్కడినుంచో ఒక ఎడమచెయ్యి వచ్చి కాగితాన్ని కదలకుండా అదిమి పెట్టింది. మేస్త్రీ తల ఎత్తలేదు. సంతకం పెట్టాడు. చీమ పాకినట్టే వచ్చింది.

ఆ ఎడమచేతి బొటనవేలే తర్వాత కొత్త ఫారం మీద నల్లగా పడింది. లాండ్రీ ఆయన మొదటి సాక్షి. "ఏమని సాక్ష్యం, బతికున్నాడనా?" అని అడిగి మరీ సంతకం చేశాడు.

*

ఫైలు చంకన పెట్టుకుని బయటికొచ్చిన మేడమ్ మెట్టు మీదే నిలిచిపోయింది.

వీధి నిండా జనం. పువ్వులు పట్టుకున్నవాళ్ళు, తలవంచుకున్నవాళ్ళు. అందరి చూపూ తాడు మీది బ్యానరు మీదే. దాని మీద ఫ్లెక్సీ నవ్వుతున్నాడు, నిలువెత్తున. కింద 'కన్నీటి వీడ్కోలు' అని ఎర్రటి అచ్చు. అవతలి వీధి దుకాణంలో ముద్రించారు. ఆ బ్యానరు పక్కనే, కట్టు చేత్తో, అదే ఫ్లెక్సీ వచ్చి నిలబడ్డాడు. ఎవరి చేతిలోంచో పువ్వులు జారాయి.

కోడలు అందరికంటే ముందుకొచ్చింది.

"ఎవరూ పోలేదండీ. బీమా మేడమ్ నిన్న ఫోన్‌లో సంతకం అన్నారు. మా పెద్దమ్మగారికి సంతాపం అని వినబడింది. ఈవిడ వచ్చింది సంతకం విషయమై. అంతే."

తర్వాత నవ్వులు అలల్లా వెనక్కి పాకాయి. మేడమ్ కూడా నవ్వింది. ఇంటి లోపల ఆ అయిదు ముఖాలెందుకలా ఉన్నాయో ఇప్పటికి తెలిసింది.

"సగం సరిగ్గానే విన్నాను కదా," అంది మేనత్త.

నవ్వులు చివరిదాకా వెళ్ళి ఆగాక, వెనకెక్కడో పాలాయన గొంతు వినిపించింది. పాపం, తెలియకే అడిగాడు.

"ఎవరి సంతకం?"

"నాది," అన్నాడు మేస్త్రీ.

"నాది," అన్నాడు ఫ్లెక్సీ.

రెండు గొంతులూ ఒకేసారి పడ్డాయి. కోడలు చెయ్యి మొగుడి భుజం మీద పడింది, ఆపడానికి. అతను ఆగలేదు. రెండేళ్ళ తర్వాత, మధ్యలో తపాలా లేకుండా, తండ్రి వైపు తిరిగాడు.

"తెల్లారి చూడగానే తెలిసింది నాన్నా. కోపం లేకుండా నా సంతకం ఇంకెవరు పెడతారు?"

మేస్త్రీ తల ఎత్తి కొడుకు ముఖంలోకి చూశాడు.

మేడమ్ రెండు మెట్లు దిగింది. తెలిసే జరిగితే ఫైలు మూసెయ్యడమేనని చెప్పింది తనే. నిలబడింది. వెనక్కి తిరిగి, చంకలోని ఫైలు తీసి తెరిచింది. పైన ఉన్న బొటనవేలి ముద్ర ఇంకా ఆరలేదు.